లోపలి వైపు మూడో గిట్ట

గిట్టల జంతువుల కాళ్ల గురించి పాఠం చెప్పాల్సిన వారం వస్తోందంటే నాకు రెండు రోజుల ముందు నుంచే చిరాకు మొదలవుతుంది. పాఠం కష్టమైనదేం కాదు. పిల్లలకి ఇష్టం కూడా. బోర్డు మీద అయిదు వేళ్ల చెయ్యి ఒకటి గీస్తాను. పక్కన పంది కాలు, నాలుగు వేళ్లు. ఆ పక్కన ఆవు కాలు, నేలకి ఆనేవి రెండు. చివర గుర్రం, ఒకే ఒక్కటి. గుర్రం తన మధ్యవేలి గోటి మీద నిలబడి పరిగెడుతుందని చెప్పగానే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తి తమ మధ్యవేలు చూసుకుంటారు. ఎవరో ఒకరు బల్ల మీద వేలు నిలబెట్టి గుర్రం నడక నడిపిస్తారు. క్లాసంతా నవ్వుతుంది. నేను నవ్వను. కాలేజీలో నాకు కోపిష్టి మేడమ్ అని పేరు రావడానికి ఈ పాఠం కూడా ఒక కారణం.

నా కోపం పిల్లల మీద కాదు. మా జువాలజీ ల్యాబులో అద్దాల బీరువా పై అరలో ఒక సీసా ఉంది. అందులో ఒక ఆవుపెయ్య ముందుకాలి వేలు ఉంది. అది మా ఇంట్లో పుట్టిన పెయ్యది. దాన్ని ఆ సీసాలోకి పంపించింది నేనే.

మాది ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన కాలువ గట్టు మీది ఊరు. తొంభైల నడుమ నేను రోజూ బస్సులో రాజమండ్రి వెళ్లి బీయస్సీ చదివేదాన్ని. మా ఇంట ఒక ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కడం అదే మొదలు. నాన్న అయిదో క్లాసుతో ఆపేసి పొలంలో దిగిన మనిషి. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఆయన బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఉండేవాడు. ఆ రోజు విన్న పాఠం ఆయనకి అప్పజెప్పేదాన్ని. కప్ప గుండెకి మూడు గదులేనని, వానపాముకి గుండెలు చాలా ఉంటాయని చెబితే, "అలాగా అమ్మా" అనేవాడు. ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఆ "అలాగా"కి నేను ఎంత పొంగిపోయేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండో ఏడు చదువుతుండగా దసరా సెలవుల్లో మా ఆవు ఈనింది. తెల్లటి పెయ్య, నుదుటి మీద బూడిదరంగు మచ్చ. తల్లి నాకి నాకి లేపాక, అది తడబడుతూ నిలబడ్డాక చూశాం. కుడి ముందుకాలికి మూడు గిట్టలున్నాయి. ఆవు కాలికి మామూలుగా నేలకి ఆనే గిట్టలు రెండు ఉంటాయి. వాటి వెనకాల, కాస్త పైన, దేనికీ అందకుండా చిన్న బొడిపెల్లాంటి గిట్టలు మరో రెండు ఉంటాయి. మా పెయ్యకి ఆ చిన్నవాటిలో లోపలి వైపుది పెరిగి పెద్దదై, కిందికి దిగి, పక్కవాటి వరసలోకి వచ్చింది. వాటికంటే రవ్వంత పొట్టి, అంతే.

మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, ఆ పూట జున్ను కూడా వండలేదు. అవయవం ఎక్కువై పుట్టిన దూడ దేవుడి సొత్తని, ఇంట్లో ఉంచుకుంటే అరిష్టమని, అడిగినవాళ్లకి ఇచ్చెయ్యాలని పట్టుబట్టింది. అడిగేవాళ్లు ఉండనే ఉన్నారు. అయిదో కాలో, మూడో కొమ్మో ఉన్న పశువుకి రంగుబట్ట కప్పి, మెడలో గవ్వలు కట్టి, అన్నవరం కొండ కిందా గోదావరి రేవుల్లోనూ నిలబెట్టి జనం చేత దణ్ణాలు పెట్టించేవాళ్లు. వాళ్లలో ఇద్దరు వారం తిరక్కుండా మా వాకిట్లో దిగారు. కబురు ఎలా అందిందో మామ్మకే తెలియాలి. పెయ్య కాలికి పసుపు రాసి, కళ్లకద్దుకుని, ఇది గృహస్థుల ఇంట నిలవదండి, మాకు ఇప్పించండి అని మర్యాదగానే అడిగారు.

నాకు తిక్క రేగింది. అప్పటికి సరిగ్గా నెల కిందటే ఆ పాఠం అయింది. గుక్క తిప్పుకోకుండా మొదలెట్టాను. ఆవు కడుపులో దూడ వేలెడంత కూడా లేనప్పుడు దాని కాలు కాలులా ఉండదని, చిన్న తెడ్డులా ఉంటుందని, ఆ తెడ్డులో వేళ్ల గీతలు పడతాయని, మన చెయ్యి కూడా తల్లి కడుపులో అలాగే మొదలవుతుందని చెప్పాను. మనకి అయిదు వేళ్లూ ఎదుగుతాయి. ఆవుకి నడిమి రెండే ఎదిగి బరువంతా మోస్తాయి. అటూ ఇటూ ఉన్నవి మధ్యలో ఆగిపోయి బొడిపెలుగా మిగులుతాయి. బొటనవేలి చోట ఏమీ మిగలదు. ఈ పెయ్యకి ఆగాల్సిన వాటిలో ఒకటి ఆగలేదు. కోట్ల ఏళ్ల కిందట దీని పూర్వీకులకి ఉన్న వేలే మళ్లీ కనిపించింది. ఇందులో దేవుడూ లేడు, అరిష్టమూ లేదు అన్నాను.

వచ్చినవాళ్లు ఇదంతా వినీ విననట్టు ఉండి నాన్న వైపు చూశారు. నాన్న నా వైపు చూశాడు.

"అమ్మాయి చదువుకుందండి. ఉంచేసుకుంటాం," అన్నాడు.

మామ్మ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. నేను మాత్రం ఒక మూఢనమ్మకాన్ని ఇంటి గుమ్మం దాటించానని మురిసిపోయాను. నాన్న నా మాట మీద తల్లిని కాదన్నాడు. తల్లి మాట కాదనడం ఊళ్లో ఎంత బరువైన పనో ఆయనకి తెలుసు, నాకు తెలియదు.

పెయ్య చలాకీగా పెరిగింది. వేసవిలో దాళ్వా పంట కోతలయ్యే సరికి పలుపు తెంపుకుని తల్లి వెనకాల పొలానికి పరిగెత్తేది. తొలకరి పడి, నాట్ల కోసం మళ్లు బురదగా దున్నే దమ్ములు మొదలయ్యాక ఒక ఆదివారం నేను నాన్నకి చద్దన్నం పట్టుకెళ్లాను. మా భూమి నల్లది. తడిస్తే మోకాలి దాకా లాక్కుంటుంది, వదలదు. పెయ్య మడిలో అటూ ఇటూ గంతులేస్తోంది. నాన్న గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"చూశావేంటమ్మా? మిగతా మూడు కాళ్లూ దిగిపోతున్నాయి గానీ ఆ కుడికాలు దిగట్లేదు. ఆ మూడోది ఆనించి లేస్తోంది," అన్నాడు.

నేను చూడలేదు. చూడకుండానే, అలా అవ్వదు నాన్నా, అది పనికిరాని వేలు, ఊరికే వేలాడుతుంది అన్నాను. పుస్తకంలో అలాగే ఉందని కూడా చెప్పాను. నాన్న అలవాటుగా "అలాగా" అని అన్నం తిన్నాడు.

పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది. గుర్రం పూర్వీకులు తడిగా మెత్తగా ఉండే నేలల్లో తిరిగే రోజుల్లో వాటి పాదాలకి వేళ్లు ఎక్కువ ఉండేవని, ఆ వేళ్లు విచ్చుకుని కాలు దిగబడకుండా కాసేవని, గట్టి నేలల మైదానాల్లోకి వచ్చాక పక్క వేళ్లు తగ్గి మధ్యది ఒక్కటే మిగిలిందని అదే పాఠంలో నాలుగు పేజీల ముందు రాసి ఉంది. ఆ జవాబు నేను పరీక్షలో బొమ్మలతో సహా రాశాను. మాస్టారు దాన్ని క్లాసులో చదివి వినిపించారు కూడా. అలాంటి మెత్తటి నేలలోనే పుట్టి, ఆ రోజు అదే నేలలో పాదాలు పెట్టుకుని నిలబడి కూడా నాకు ఆ నాలుగు పేజీలు గుర్తు రాలేదు. పుస్తకంలో చెప్పే నేల మా చేను కాదని, అది ఎక్కడో వేరే దేశంలో ఉంటుందని నా మనసులో ఉండేదేమో. ఇంతకంటే సమంజసమైన సాకు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ సోమవారం గొప్ప కోసం మాస్టారికి మా పెయ్య సంగతి చెప్పాను. ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. మంచి వక్త. బోర్డు మీద రెండు చేతులతోనూ బొమ్మలు గీసేవారు. ఆయన నా వైపు ఒకసారి మెచ్చుకోలుగా చూస్తే ఆ వారమంతా నాకు పండగ్గా ఉండేది. వచ్చే ఆదివారమే వస్తానన్నారు. అన్నట్టే స్కూటర్ మీద వచ్చారు. నాన్న బొండాలు దింపించి, అరుగు మీద కొత్త దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. మాస్టారు పెయ్య కాలు అటూ ఇటూ తిప్పి చూసి, టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీశారు. ఇలాంటి స్పెసిమెన్ చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేదన్నారు. తర్వాత నాన్నతో, ఈ వేలు ముందు ముందు దేనికైనా తగులుకుని చీరుకుపోతుందని, ఇప్పుడే తీయించెయ్యడం మంచిదని, చాలా చిన్న పనని చెప్పారు. పశువుల డాక్టరు గారితో తనే మాట్లాడతానన్నారు.

ఇప్పటికైతే దానికి ఇబ్బందేం లేదండి అన్నాడు నాన్న. మీ అమ్మాయిని అడగండి, తనకి అన్నీ తెలుసు అన్నారు మాస్టారు.

స్కూటర్ డిక్కీలో మూత ఉన్న గాజు సీసా ఒకటి నేను చూశాను. కాగితంలో చుట్టి తెచ్చుకున్నారు. దాన్ని చూసి నాకు భయం వెయ్యాలి. గర్వం కలిగింది. మా ఇంటిది ఒకటి కాలేజీ బీరువాలోకి వెళుతోందని, దాని కింద నా పేరు ఉంటుందని అనుకుని, తీయించేద్దాం నాన్నా అన్నాను.

ఆసుపత్రిలో జరిగింది మూడు నిమిషాల పని. నేను దాని గురించి ఆలోచించినన్ని గంటలు నా పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు. పెయ్యని చెట్టుకి కట్టారు. నాన్న పలుపు పట్టుకుని తల దగ్గర నిలబడ్డాడు. డాక్టరు గారు కాలు వైపు వంగి చూస్తూ నాన్నని అడిగారు.

"కుంటుతోందా ఏంటండి?"

"లేదండి."

"మరి ఈ వేలు నేలకి ఆనుతోందా?"

నాన్న ఏదో అనబోయాడు. మాస్టారు నా వైపు చూశారు. క్లాసులో ప్రశ్న వేసి, చెయ్యెత్తబోయేది నేనేనని తెలిసి చూసే చూపు అది.

"ఆనదండి. అది వెస్టిజియల్ అండి, పనికిరాకుండా మిగిలిపోయిన వేలు, ఊరికే వేలాడుతుంది," అన్నాను.

నాన్న దగ్గాడు. పెయ్య మెడ మీద చెయ్యి వేసి నిమురుతూ ఊరుకున్నాడు. ఆనకపోతే తీసెయ్యడంలో ఇబ్బంది లేదని డాక్టరు గారు సూదిమందు నింపుకున్నారు. తప్పు ఆయనదని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆయన అడగాల్సింది అడిగారు. అబద్ధం చెప్పింది నేను. తెలిసి చెప్పిన అబద్ధమైతే కనీసం ఎవరైనా తిట్టి ఉండేవారు.

అది శ్రావణం. బయట ముసురు, పాకలో తడి, ఎటు చూసినా ఈగలు. కట్టు కట్టిన మూడో నాటికే గాయం వాసన వచ్చింది. తర్వాత పురుగు పట్టింది. వాపు మోకాలి దాకా ఎక్కింది. నాన్న పూటపూటా కడిగి మందు వేసేవాడు. డాక్టరు గారు రెండుసార్లు ఇంటికి వచ్చి చూసి వెళ్లారు. పెయ్య బతికింది గానీ ఆ కాలు బిగుసుకుపోయింది. అన్నాళ్లూ ఆ మూడు గిట్టలూ పంచుకున్న బరువు ఒక్కసారిగా రెండింటి మీద పడేసరికి అవీ వంకర తిరిగాయి. కార్తీకం నాటికి అది మూడు కాళ్ల మీద నిలబడేది. రెండుసార్లు మడిలో దిగబడిపోతే నాన్నా, పక్క చేను వాళ్లూ కలిసి పొట్ట కింద తాళ్లు వేసి లాగారు.

మామ్మ మళ్లీ ఆ గవ్వల వాళ్లకి కబురు పెట్టించింది. వాళ్లు వచ్చి, కాలు చూసి, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇంతకు ముందు పసుపు రాసిన చోటు ముట్టుకోను కూడా లేదు. ఇప్పుడిది ఉత్త కుంటి దూడండి, దీన్ని ఏం చేసుకుంటాం అని వెళ్లిపోయారు. వాళ్ల దగ్గరైతే అది ఎండలో నిలబడీ నిలబడీ అలిసిపోయేది, నిజమే. కానీ నాలుగు కాళ్ల మీద నిలబడేది. దేవుడి పేరు చెప్పి ఆడించేవాళ్ల నుంచి నేను దాన్ని కాపాడిన తీరు ఇది.

నాకు ప్రాక్టికల్ పరీక్షలు జరుగుతున్న వారంలో నాన్న దాన్ని సంతకి తోలుకెళ్లాడు. నేను ఇంటికొచ్చేసరికి గుంజకి పలుపు చుట్టి ఉంది. సంతకెళ్లిన కుంటి పెయ్య ఏ లారీ ఎక్కుతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్రాక్టికల్స్‌లో క్లాసు మొత్తం మీద నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. పేపర్లో జిల్లా పేజీలో మాస్టారు సీసా పట్టుకున్న ఫొటో పడింది. సీసా మీద లేబుల్ ఆయన చక్కటి చేతిరాతలో ఉంది. "ఆవు, ముందుకాలు. నిరుపయోగమైన అదనపు వేలు." దాని కింద సేకరించినవారి పేరు, ఆయనదే. ఒకసారి వరండాలో ఎదురై దూడ ఎలా ఉందని అడిగారు. పోయిందండి అన్నాను. అయ్యో పాపం అని, మర్నాటి సెమినార్‌కి చార్టులు సిద్ధం చెయ్యమని చెప్పి వెళ్లిపోయారు. నేను చార్టులు గీశాను. అందుకు కూడా నన్ను నేను క్షమించుకోలేను.

ఆ తర్వాత నాన్నకి నేను పాఠాలు అప్పజెప్పడం మానేశాను. ఆయనా అడగలేదు. యమ్మెస్సీ చదివి, రెండు వేల సంవత్సరం దాటాక అదే కాలేజీలో ఉద్యోగానికి చేరాను. కొన్నాళ్లకి మాస్టారు రిటైరయ్యారు. ఆయన వీడ్కోలు సభలో నేనూ మాట్లాడాను, పొగిడాను. కాలేజీ చూడ్డానికి ఏదో కమిటీ వస్తోందని ఒక వేసవిలో బీరువాలన్నీ దులిపించారు. మ్యూజియం సర్దే పని నాకు పడింది.

ఆ సీసాలో ఫార్మలిన్ సగానికి ఇంకిపోయి పచ్చబడింది. కొత్తది పొయ్యాలంటే వేలు బయటికి తియ్యాలి. గ్లౌజులు వేసుకుని ట్రేలో పెట్టాను. అన్నేళ్లలో నేను దాన్ని ఎప్పుడూ గాజు బయటి నుంచే, పక్క నుంచే చూశాను. పెయ్య బతికుండగా కూడా ఒక్కసారైనా ఆ కాలు పైకెత్తి అడుగు చూడలేదు. ఇప్పుడు తిరగేసి చూశాను.

గిట్ట అడుగు అరిగి ఉంది. పక్కనే మామూలు ఆవు కాలి నమూనా ఉంటే దాన్ని కూడా తీసి వెనక బొడిపెలు చూశాను. అవి గుండ్రంగా, మొన తేలి, అరుగు లేకుండా ఉన్నాయి. మా పెయ్యది చదునుగా ఉంది. లోపలి అంచు పల్చబడి ఉంది. నేల మీద రాసుకున్న గీతలు ఇంకా చెరగలేదు. తొమ్మిది పది నెలలు అది ఆ వేలి మీద బరువు మోపి నడిచింది. అందుకు సాక్ష్యం అన్నేళ్లూ నా నెత్తి మీద అరలో ఉంది. దాని కిందే నిలబడి నేను బ్యాచి తర్వాత బ్యాచికి అది పనికిరాని వేలని చెప్పాను.

ఆ శనివారం ఊరెళ్లాను. నాన్న బోరింగు దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు పొలం కౌలుకిచ్చేశాడు గానీ సాయంత్రం కాళ్లు కడుక్కోవడం మానలేదు. పక్కన నిలబడి చెప్పాను.

"నాన్నా, ఆ పెయ్య వేలు నేలకి ఆనేది. నువ్వు చెప్పిందే నిజం. గిట్ట అరిగి ఉంది, నేను చూశాను."

ఆయన బోరింగు కొట్టడం ఆపలేదు.

"తెలుసమ్మా. రోజూ చూసేవాణ్ణి కదా."

"మరి ఆ రోజు డాక్టరు గారు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

నాన్న చెంబు కింద పెట్టి, రెండో కాలు కడుక్కుని, తుండుతో తుడుచుకున్నాడు. నేను అడిగినందుకు ఆయనకే మొహమాటంగా ఉంది.

"మీ మాస్టారు పక్కనే ఉన్నారు కదమ్మా. ఆయన ముందు నీ మాట తప్పైపోతుందని ఊరుకున్నాను," అన్నాడు.